ఎల్లాజీ చేసిన బార్

రేఖ కుడి భుజం పాడై ఏడాదైంది. బరువు తల మీదికి ఎత్తిన క్షణంలో కీలు జారింది. ఆపరేషన్ అయ్యాక ఆ చెయ్యి ముందుకి వస్తోంది, పైకి లేస్తోంది, వెనక్కి మాత్రం పోవడం లేదు. జడ వేసుకోవాలన్నా ఆడపడుచు తులసి ఉండాల్సిందే.

విజయనగరం పక్క పల్లెలో, వరి పండించుకునే ఇంట్లో పుట్టింది రేఖ. ఆ ఊళ్ళో పిల్లలు నడక నేర్చిన కొన్నాళ్ళకే బరువులెత్తడం నేర్చుకుంటారు. ఆ ఎత్తడమే ఆమెకి ఆటల కోటాలో రైల్వే ఉద్యోగం ఇచ్చింది. ఇప్పుడు ఆమదాలవలస స్టేషన్లో టిక్కెట్లు ఇస్తోంది. కాపురం అరసవల్లిలో. భర్త కొండబాబు షామియానాల వ్యాపారి. తులసి అతని చెల్లెలు, డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ వీళ్ళింట్లోనే ఉంటోంది. ఇంటి పక్క రేకుల షెడ్డులో వదినా ఆడపడుచులు కలిసి కసరత్తు చేసేవారు. షెడ్డులో చెక్కల వేదిక, బరువులెత్తే ఇనప బార్ ఒకటి, దాని కొసలకి తగిలించే రబ్బరు ప్లేట్లు, బార్ పెట్టుకోవడానికి రెండు ఇనప స్టాండ్లు ఉండేవి. అంతే.

భుజం వెనక్కి పోకపోతే బార్‌ని వీపు మీద పట్టుకోలేరు. పట్టుకోలేకపోతే బరువు మోస్తూ కూర్చుని లేచే స్క్వాట్ లేదు. స్క్వాట్ లేని లిఫ్టరు ఎక్కువకాలం లిఫ్టరుగా మిగలడు. ముప్ఫై అయిదు దాటినవాళ్ళ పోటీలు ఫిబ్రవరిలో ఉన్నాయి. రేఖకి ముప్ఫై ఆరు. మళ్ళీ ఒకసారి వేదిక ఎక్కాలని ఆమె మనసులో బలంగా ఉంది.

ఆ రోజుల్లోనే ఫోన్లో ఒక వీడియో చూసింది. అదో ప్రత్యేకమైన స్క్వాట్ బార్. మధ్యలో మెడకి రెండు పక్కలా మెత్తటి దిండ్లు, ఛాతీ మీదుగా ముందుకి వచ్చే రెండు పిడులు. చేతులు వెనక్కి పెట్టనక్కర్లేదు. పిడులు పట్టుకుని కూర్చుని లేవడమే. రేఖ ఆ వీడియో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ధర ముప్ఫై వేల పైమాటే. ఉత్తరాది నుంచి లారీలో రావాలి. ఇంట్లో ఇద్దరు ఎత్తేవాళ్ళున్నారు కాబట్టి కొనొచ్చు అనుకునేది. ఒక్క భుజం కోసం అంత ఇనుమా, తరవాత మూలన పడి ఉంటుందేమో అని మళ్ళీ అనుకునేది. ఏ సంగతీ తేలక, తన పాత కోచ్ నరసింగరావు మాస్టారిని పిలిచింది.

మాస్టారు విజయనగరం నుంచి బస్సులో వచ్చారు. వీడియో రెండుసార్లు చూసి ఫోను తిరిగి ఇచ్చేశారు. ఆయన చూపు మాత్రం స్టాండ్ల మీద నిలిచిపోయింది.

"మంచిదే అమ్మా. నీ భుజానికి ఇంతకన్నా మంచిది నేదు. కానీ ఇది బార్ కాదు, కాడి. ఎద్దు మెడ మీద ఏస్తామే, ఆ కాడి."

"అయితే ఏటి మాస్టారూ?"

"మామూలు బార్ మోస్తన్నావనుకో. లెగలేకపోతే ఏటి సేస్తావు? సేతులొదిలీసి ముందుకి గెంతుతావు. అది ఎనక్కి పడతాది. పదేళ్ళ పిల్లకైనా తెలిసిన సంగతి. ఇది అలగ కాదు. మెడకి తగులుకుంటాది. నువ్వు ఒదిలినా అది నిన్ను ఒదలదు." ఆయన స్టాండ్ల దగ్గరికి నడిచి, వాటి మధ్యన ఖాళీ చోటు చూపించారు. "ఇక్కడ నువ్వు పడిపోతే కింద పట్టడానికి ఏటున్నాది? రెండు ఇనప సేతులున్న ర్యాకు ముందు కొను. అది కొన్నాక ఆ బార్ సంగతి సూద్దాం. రెండూ కొనలేకపోతే రెండూ వొద్దు."

రేఖ తలూపింది. అప్పటికి అది ఆమెకి నూటికి నూరుపాళ్ళూ నిజమనే తోచింది.

అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. కొండబాబు షామియానాలు సగం చిరిగిపోయాయి, పందిరి గొట్టాలు వంకర్లు పోయాయి. షెడ్డు రేకులు రెండు లేచిపోతే తీగలతో కట్టారు. ర్యాకు మాటా, బార్ మాటా రేఖ ఇక ఎత్తలేదు. కానీ వీడియో చూడడం మానలేదు. కొండబాబు పక్క నుంచి అది గమనించేవాడు.

నవంబరు మధ్యలో ఒక సాయంత్రం అతను వ్యాన్ వెనక తలుపు తెరిచి ఆమెని పిలిచాడు. లోపల ఎర్ర రంగు వేసిన బార్ ఉంది. దిండ్లు, పిడులు, అన్నీ వీడియోలో ఉన్నట్టే. దిండ్లకి రెగ్జిను కూడా కుట్టించాడు.

"నరసన్నపేటలో మన ఎల్లాజీ సేసినాడు. నీ ఫోన్లో బొమ్మ సూపించీసినాను. రెండు రోజుల్లో సేసిచ్చినాడు. ఏటే, బాగున్నాదా?"

పాడైన టెంట్లు కుట్టించుకోవడానికే తీరిక లేని మనిషి దీని కోసం రెండుసార్లు నరసన్నపేట వెళ్ళొచ్చాడు. మాస్టారి మాట నాలుక చివరిదాకా వచ్చింది. "బాగున్నాది బావా," అంది.

ఆ రాత్రే మాస్టారికి ఫోన్ చేసి చెప్పింది. "ఏ పైపుతో సేసినాడు?" అని మాత్రం అడిగారాయన. తెలీదంది రేఖ. "తెలుసుకునేదాకా దాన్ని ముట్టుకోకు," అని ఫోన్ పెట్టేశారు.

మర్నాడు ఆమె దాన్ని ముట్టుకుంది. ఖాళీ బార్‌తోనే కదా అనుకుంది. దాని కింద కూర్చుని లేచింది. భుజం కిమ్మనలేదు. పద్నాలుగు నెలల తరవాత తొడల్లో ఆ మంట, ఊపిరి తిరిగే ఆ హుషారు మళ్ళీ వచ్చాయి. కళ్ళల్లో నీళ్ళు వస్తే చెమట అని తుడుచుకుంది. ఎల్లాజీని పైపు గురించి అడగాలనుకుంది. వారం గడిచింది, అడగలేదు. అసలు బార్ కొనాలా వద్దా అన్నది ఫిబ్రవరి తరవాత తేల్చుకుందాం, అప్పటిదాకా దీంతో లాగించేద్దాం అని తనకి తానే సర్దిచెప్పుకుంది. నలభై కేజీలు, యాభై, అరవై.

డెబ్భై దగ్గర మొదటిసారి ఏదో తేడాగా అనిపించింది. కిందికి కూర్చున్నప్పుడు బరువు నిలువుగా దిగడం లేదు. వెనక నుంచి ఎవరో మెడ మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా, తొందర లేకుండా ముందుకి వంచుతున్నట్టుంది. లేచి బార్ స్టాండు మీద పెట్టాక మెడ తడుముకుంది. ఎల్లాజీ ఫోటో చూసి బార్ కొసలు వంచాడు, ఆ కోణం అటూ ఇటూ అయి ఉంటుంది అనుకుంది. తన నడుము బలహీనపడిందని కూడా అనుకుంది. రెండో మాటే నమ్మడం సులువు.

డిసెంబరు మొదటి వారంలో దిండుకి ఎడం పక్కన, అతుకు వేసిన చోట, ఎర్ర రంగు మీద వెంట్రుకంత గీత కనిపించింది. వేలితో రాసింది, పోలేదు. కొండబాబుని పిలిచి చూపించింది.

"రంగు పెచ్చులూడినాది. అంతే," అన్నాడతను వంగి చూసి.

మర్నాడు ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి షెడ్డులో పెయింటు వాసన వస్తోంది. అతుకు మీద కొత్త రంగు తడిగా మెరుస్తోంది. గీత లేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. చెప్తే ఆ బార్ ఇంట్లోంచి పోతుంది. ఆమె అడగలేదు. ఆ సాయంత్రం మళ్ళీ డెబ్భై మోసింది.

తులసికి భుజాలు బాగానే ఉన్నాయి. అయినా వదిన చేస్తుంటే చూసి నవంబరు ఆఖర్లోనే ఆమె కూడా ఆ బార్ మోయడం మొదలుపెట్టింది. మామూలు బార్‌కన్నా కష్టంగా ఉందని, అందుకే కాళ్ళకి మంచిదని సంబరపడేది. విశ్వవిద్యాలయాల పోటీలు జనవరిలో. అందులో పతకం వస్తే తనకీ రేఖలాగే ఉద్యోగం వస్తుంది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, ఉక్కులాంటి తొడలు. మూడు వారాల్లో వంద దాటేసింది. పక్కన నిలబడి చూస్తున్నప్పుడు రేఖకి గర్వంగా ఉండేది, కళ్ళు మాత్రం ఆ అతుకు మీదికే పోయేవి.

"మెడ మీద ఏటైనా తెలుస్తన్నాదా?" అని ఒకసారి అడిగింది.

"ఏటి తెలుస్తాది వదినా, బరువు తెలుస్తన్నాది," అని నవ్వింది తులసి.

డిసెంబరు మూడో వారంలో ఒక మంగళవారం, పన్నెండు కావస్తుండగా, టిక్కెట్ల కిటికీ ముందుకి ఒక బక్కపల్చటి మనిషి వచ్చాడు. వేళ్ళ మీద కాలిన మచ్చలు. "విజయనగరం ఒకటి," అని నోటు లోపలికి తోశాడు. తరవాత కిటికీలోంచి తొంగిచూసి నవ్వాడు.

"కొండబాబు ఇల్లాలివి కదమ్మా? నేను ఎల్లాజీని. నరసన్నపేట. బార్ ఎలగున్నాది?"

"బాగున్నాది అన్నయ్యా," అంది రేఖ, చిల్లర లెక్కపెడుతూ.

"డెబ్భై దాటనీడం నేదు కదా?"

రేఖ చేతులు ఆగిపోయాయి. "ఏటి?"

"కొండబాబుకి మరీ మరీ సెప్పినానమ్మా. అది పాత బోరు పైపు. లోపల బోలు. తుపాను పనుల్లో మంచి రాడ్డు దొరకనేదు. పైగా ఆ రోజు జనరేటర్ మీద అతుకులేసినాను, కరెంటు నేదు. డెబ్భై దాకా పర్వానేదు, దాటితే నాది పూచీ నేదని సెప్పినాను. సెప్పనేదా నీకు?"

వెనక వరసలో ఎవరో "బేగి కానీయండమ్మా" అని అరిచారు. రేఖ టిక్కెట్టు అతని చేతిలో పెట్టి గడియారం చూసింది. మంగళవారాలు తులసికి పదకొండింటితో క్లాసులు అయిపోతాయి. పన్నెండు ముందే ఇంటికి వచ్చి కాళ్ళ కసరత్తు చేస్తుంది. నిన్న రాత్రి అన్నం తింటూ, రేపు నూట ఇరవై మోస్తాను వదినా అంది. అలాగేలే అంది తను.

పక్క కౌంటరు ఆవిడని చూసుకోమని చెప్పి బయటికి పరుగెత్తింది. తులసికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి కూడా అంతే. పొందూరులో పందిరి వేయిస్తున్న కొండబాబు రెండో రింగుకే ఎత్తాడు.

"ఎల్లాజీ నీకు ఏటి సెప్పినాడు?"

అవతల సుత్తుల చప్పుడు వినిపించింది, అతని గొంతు వినిపించలేదు. ఆమె ఫోన్ కట్ చేసి పొరుగింటి దేముడమ్మకి చేసింది. దేముడమ్మ కళింగపట్నం పక్క నుంచి వచ్చిన మనిషి. నెత్తి మీద చేపల గంప పెట్టుకుని అరసవల్లి సందులన్నీ తిరుగుతుంది. మధ్యాహ్నానికి ఇల్లు చేరి ఉంటుంది.

"పిన్నీ, మా షెడ్డు కాడికెళ్ళి తులసిని పిలు. కసరత్తు ఆపీమని సెప్పు. ఫోను పెట్టీకు."

గేటు కిర్రుమనడం, చెప్పుల చప్పుడు. "ఉన్నాది లోపల. పాటలు ఇనబడతన్నాయి," అంది దేముడమ్మ. రేఖకి ఊపిరి అందింది. "ఒలే తులసీ! ఒలే!" అని పిలుపు. ఫోన్లోంచి రేఖకి కూడా వినబడుతోంది, హుషారైన డప్పుల పాట. అది అయిపోయి ఇంకొకటి మొదలైంది. "పలకడం నేదమ్మా. పాటల్లో ఇనబడనేదేమో. తలుపు లోపల గడియేసున్నాది."

గడియ వేసుకోమని చెప్పింది రేఖే. దారిన పోయేవాళ్ళు తొంగిచూస్తున్నారని.

"పిన్నీ, తుపానుకి లేచిన రేకులు రెండు ఎనకపక్క తీగలతో కట్టి ఉన్నాయి. అవి లాగీ. లోపలికెళ్ళు!"

ఆటో ఎక్కింది. స్టేషన్ నుంచి అరసవల్లికి ఎంత తోలినా అరగంట దారి. ఫోన్ చెవికి ఆనించే ఉంది. రేకు గీసుకున్న శబ్దం, దేముడమ్మ ఆయాసం, పాట దగ్గరగా పెద్దదైన శబ్దం. తరవాత దేముడమ్మ "ఓలమ్మా" అంది, కేకలా కాదు, చాలా మెల్లగా. ఫోన్ ఎక్కడో కింద పడింది. ఆ తరవాత దారి పొడవునా రేఖకి వినిపించింది పాటలే. శ్రీకాకుళం ఊళ్ళో ట్రాఫిక్కులో ఆటో ఆగినప్పుడు ఆ డప్పులు వింటూ ఆమె తన పిడికిలి కొరుక్కుంది.

షెడ్డు తలుపు తెరిచి ఉంది. వెనక రేకుల సందులోంచి దూరి గడియ తీసిన ఇద్దరు ముసలివాళ్ళు ఏం చెయ్యాలో తెలీక గుమ్మంలో నిలబడ్డారు. లోపల తులసి మోకాళ్ళ మీద కూలబడి, ఛాతీ తొడలకి అంటుకుని, నుదురు చెక్కల మీద ఆని ఉంది. బార్ ఆమె మెడ మీద ఉంది. ఎడమ దిండు అతుకు ఊడి వంకరగా తిరిగిపోయింది. పిడి ఒకటి ఛాతీ కింద ఇరుక్కుంది. రెండు పక్కలా ప్లేట్లు నేలకి ఆని ఉండబట్టి బరువు అక్కడితో ఆగింది. ఆగిన చోటుకీ చెక్కలకీ మధ్య ఉన్నది జానెడు సందు. ఆ సందులోనే తులసి మెడ ఉంది. దేముడమ్మ నేల మీద బోర్లా పడుకుని తన పది వేళ్ళూ ఆ ఇనుముకీ ఆ పిల్ల మెడకీ మధ్యన దూర్చి పట్టుకుంది. వేళ్ళు నల్లగా కమిలిపోయాయి.

"ఊపిరున్నాది," అంది దేముడమ్మ. "నేను సెయ్యి తీస్తే ఉండదు. బేగి సూడమ్మా."

ముసలివాళ్ళలో ఒకాయన ప్లేటు లాగడానికి వంగాడు. "ముట్టుకోకండి!" అని అరిచింది రేఖ. బార్‌ని నేల నుంచి ఎత్తులో ఆపుతున్నది ఆ ప్లేట్లే. అవి తీస్తే బార్ మొత్తం పిల్ల మీదికి దిగిపోతుంది. తియ్యకూడదు, ఎత్తాలి. కుడి భుజానికి ఆ శక్తి లేదు. ఆమె బార్ కొసకి వెళ్ళి, కిందికి కూర్చుని, ఎడమ భుజం దాని కిందికి పెట్టింది. ప్లేటు అంచు చెంపకి గుచ్చుకుంది.

"నేను లేస్తాను. తల తిప్పకుండా తిన్నగా లాగండి. తల తిప్పొద్దు."

లేచింది. ఎన్నో ఏళ్ళుగా వేలసార్లు చేసిన పనే అది. అయినా ఆ ఒక్కసారీ తన కాళ్ళ మీద తనకి నమ్మకం లేకపోయింది. బార్ కొస బెత్తెడు లేచింది, మూరెడు లేచింది. రేఖ వెనకే లోపలికి వచ్చిన ఆటో డ్రైవరు, ముసలాయన, దేముడమ్మ కలిసి తులసిని ఇవతలికి జరిపారు. రేఖ బరువు వదిలేసరికి షెడ్డంతా అదిరింది. తులసి పెదాలు నీలంగా ఉన్నాయి. తరవాత, చాలాసేపటికి, ఆమె ఛాతీ ఒక్కసారి పెద్దగా లేచింది.

విశాఖలో ఆసుపత్రిలో పదహారు రోజులున్నారు. మెడలో నరం నలిగిందన్నారు డాక్టర్లు. ప్రాణానికి భయం లేదు, నడుస్తుంది, కానీ కుడి చేతిలో ఉంగరం వేలికీ చిటికెన వేలికీ స్పర్శ లేదు. వస్తుందేమో చూద్దాం అన్నారు. ఎప్పటికన్నది చెప్పలేదు.

మూడో రోజు వరండాలో కొండబాబు గోడకి ఆనుకుని కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు. "సెప్పినాడే. డెబ్భై అన్నాడు. నీకు సెప్తే వొద్దనీసి మూల పడేస్తావని సెప్పనేదు. నువ్వు ఎత్తేది అంతే కదా అనుకున్నాను. తులసి ఎత్తుతాదని నాకేటి తెలుసు? గీత సూసి భయమేసినాది. ఎల్లాజీ కాడికి తీసుకెళ్ళాలనుకున్నాను. ఆ రోజు తీరిక నేక రంగేసీసినాను." చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "నా సెల్లెలు."

అతన్ని తిట్టాలని రేఖకి నోటిదాకా వచ్చింది. తిట్టలేకపోయింది. "రంగు తడిగా ఉన్నప్పుడే నేను సూసినాను బావా," అంది. కొండబాబు తలెత్తి చూశాడు.

డిశ్చార్జి ముందు రోజు తులసి మెడపట్టీ మధ్య నుంచి కప్పు వైపు చూస్తూ అడిగింది. "వదినా, నూట ఇరవై నాకు బరువనిపించనేదు తెలుసా. కిందికి దిగినాక ఎవరో ఎనకనుంచి వంచినట్టున్నాది. నువ్వు ఒకసారి మెడ మీద ఏటైనా తెలుస్తన్నాదా అని అడిగినావు. నీకు తెలిసినాదా?"

అబద్ధం చెప్పడానికి వీలున్న చోటే అది. పిల్ల నమ్మేది కూడా. "తెలిసినాది," అంది రేఖ. "డెబ్భై కాడే."

తులసి కళ్ళు మూసుకుంది. మర్నాడు అరసవల్లి రానంది. తల్లి దగ్గరికి, చీపురుపల్లి వెళ్ళిపోయింది.

ఎర్ర బార్‌ని కొండబాబు మూడు ముక్కలు కోయించాడు. కోసిన చోట చూస్తే పైపు గోడ చిల్లర నాణెం మందం కూడా లేదు. రేఖ పోటీలకి వెళ్ళలేదు. మార్చిలో, ఎవరితోనూ చెప్పకుండా, రెండు ఇనప చేతులున్న పెద్ద ర్యాకు తెప్పించి షెడ్డులో బిగించింది. ప్రత్యేకమైన బార్ కొననే లేదు. ఆ వీడియో ఎప్పుడైనా ఫోన్లో కనిపిస్తే వేలితో పక్కకి తోసేసేది. ర్యాకు కింద ఆమె ఒక్కసారి కూడా నిలబడలేదు. వారానికోసారి దుమ్ము తుడిచేది.

జూన్‌లో తులసి ఫోన్ చేసింది. ఆరు నెలల తరవాత మొదటి మాట. బ్యాంకు పరీక్ష శ్రీకాకుళంలో పడిందని, ఆదివారం వస్తానని. పరీక్ష రాసి మధ్యాహ్నం వచ్చింది. మెడపట్టీ లేదు, కానీ తల తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పుతోంది. అన్నం ఎడం చేత్తో చెంచాతో తింది. కొండబాబు వడ్డిస్తూ చెల్లెలి మొహం చూడలేకపోయాడు. తిన్నాక ఆమె షెడ్డు తాళంచెవి అడిగింది.

ర్యాకు చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి, అడ్డంగా ఉండే ఇనప చేతుల్లో ఒకదాన్ని స్తంభానికి పట్టి ఉంచే మేకు లాగి, ఎత్తు తగ్గించి, తనకి సరిపోయే కన్నంలో పెట్టబోయింది. కుడి చెయ్యి వాడింది. మేకు అంచుకి తగిలి జారిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. మూడోసారి అది నేల మీద పడి దొర్లి రేఖ కాలి దగ్గర ఆగింది.

రేఖ వంగి దాన్ని తీసి అందించింది. తులసి దాన్ని కుడి చేత్తోనే తీసుకుంది.

"నువ్వు పెట్టకు వదినా," అంది. "నువ్వు అక్కడే నిలబడి సూడు."

రేఖ గోడ పక్కన నిలబడింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. రేకుల కింద ఊపిరాడడం లేదు. తులసి ఆ మేకుని పట్టుకుని మళ్ళీ కన్నం వెతుక్కోవడం మొదలుపెట్టింది.